వెండి రూపాయి ఎంత అరిగింది? గ్రేడు మీరే చూసుకోవడం ఎలా

పూజ గదిలో కుంకుమ భరిణె పక్కనో, బీరువాలో పట్టుచీర మడతలోనో ఒక వెండి రూపాయి లేని పాత ఇల్లు మన వైపు తక్కువ. అది చేతికి రాగానే అందరూ ముందు సంవత్సరం చూస్తారు. 1918 అని కనిపిస్తే చాలు, "వందేళ్ల నాటిది, లక్షలొస్తాయేమో" అంటారు. రావు. ఆ ఏడాది అచ్చయిన రూపాయలు కోట్లలో ఉన్నాయి. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో ఇక్కడ వెండికి కరువొచ్చింది. అప్పుడు అమెరికా 1918లో పిట్‌మన్ చట్టం చేసి, తన వెండి డాలర్లు దాదాపు 26 కోట్లు కరిగించి బ్రిటన్‌కు అమ్మింది. ఆ వెండి ఇక్కడికొచ్చి జార్జి రాజు బొమ్మతో రూపాయలైంది. అన్ని కోట్ల నాణేల్లో మీ దానికి ప్రత్యేకత ఉందంటే అది సంవత్సరం వల్ల కాదు, అది ఎంత చెడకుండా మిగిలిందన్నదాని వల్ల. దాన్ని కొలిచే పద్ధతే గ్రేడింగ్.

ఇక్కడ నేను బ్రిటిష్ కాలపు వెండి రూపాయినీ, కాస్త నిజాం చార్మినార్ రూపాయినీ తీసుకుని చెబుతున్నాను. మన ఇళ్లలో దొరికేవి అవే.

ముందు ఒక్క మాట. ఇది చదివేలోపు నాణేన్ని తుడవకండి. చింతపండు వద్దు, విభూతి వద్దు, టూత్‌పేస్టు వద్దు, గిన్నెలు తోమే పౌడరు అసలే వద్దు. ఎందుకో తర్వాత చెబుతాను.

కూర్చునే ముందు

ఒక టేబుల్ లైటు కావాలి. ట్యూబ్‌లైటు కింద, కిటికీ వెలుగులో అన్ని నాణేలూ ఒకేలా కనిపిస్తాయి. గదిలో మిగతా దీపాలు ఆర్పేసి, ఒకే బల్బు కింద చూస్తే గీతలు, మెరుపు, అరుగుదల బయటపడతాయి. కింద మెత్తటి గుడ్డ మడత వేసి పరచండి, నాణెం చేయి జారినా దెబ్బ తగలదు. గ్రేడు చూడటానికి ఐదు రెట్లు పెద్దగా చూపే భూతద్దం చాలు. పది రెట్లది నకిలీ అనుమానం వచ్చినప్పుడు తీయండి. ఎక్కువ పెద్దది చేసి చూస్తే ప్రతి నాణెం గాయాలపుట్టలా కనిపించి అనవసరంగా టెన్షన్ పడతారు. బంగారం కొట్టులో వాడేలాంటి, గ్రాములో వందో వంతు చూపే చిన్న తూకం మిషను ఒకటి కావాలి.

నాణేన్ని బొటనవేలు, చూపుడువేలు మధ్య అంచులతోనే పట్టుకోండి. ముఖం మీద వేలు ఆనితే ఆ చెమట కొన్నాళ్లకు వేలిముద్రగా నల్లగా తేలుతుంది, ఇక పోదు. నాణెం నోటి ముందు పెట్టుకుని మాట్లాడకండి. తుంపర పడిన చోట మచ్చలొస్తాయి.

మొదటి పని: ఇది అసలుదేనా

నకిలీకి గ్రేడు ఉండదు కాబట్టి ముందు తూకం. విక్టోరియా కాలం నుంచి 1939 దాకా బ్రిటిష్ ఇండియా రూపాయి బరువు 11.66 గ్రాములు, అందులో వెండి 91.7 శాతం. సరిగ్గా ఒక తులం. ఇప్పుడు బంగారం కొట్లో తులం అంటే 10 గ్రాములే అనుకుంటున్నాం గానీ, అసలు తులం ఈ రూపాయి బరువే. పాతకాలం కంసాలులు తూకం రాయికి బదులు రూపాయి వేసేవారు. బాగా అరిగిన నాణెం కొంచెం తక్కువ తూగుతుంది, అది సహజం. కానీ బొమ్మ కొత్తగా మెరుస్తూ బరువు 10.8 చూపిస్తే అనుమానించండి.

తర్వాత నీళ్ల పరీక్ష. తూకం మీద నీళ్ల గ్లాసు పెట్టి సున్నా చేయండి. నాణేన్ని సన్నటి దారంతో కట్టి, గ్లాసు అడుగుకు తగలకుండా నీళ్లలో వేలాడదీయండి. మిషను చూపే అంకెతో నాణెం బరువును భాగించండి. 91.7 శాతం వెండికి 10.3 దగ్గర రావాలి. 11.66 గ్రాముల రూపాయికి నీళ్లలో అంకె 1.13 దగ్గర ఉంటుంది. తొమ్మిది లోపు వస్తే అందులో చెప్పుకోదగ్గ వెండి లేదు. పరీక్షయ్యాక గుడ్డతో రుద్దకుండా అద్ది ఆరబెట్టండి. రాతి మీద మోగించి చూసే పాత అలవాటు మాత్రం మానేయండి, అంచు చొట్టపడుతుంది.

1940 నుంచి 1945 దాకా వచ్చిన జార్జి ఆరో రాజు రూపాయల్లో వెండి సగమే. అందుకే వాటికి నీళ్ల పరీక్షలో 9.5 దగ్గర వస్తుంది. నకిలీ అనుకుని పారేయకండి. వాటి అంచు చూడండి, గీట్ల మధ్యలో ఒక గాడి ఉంటుంది.

ఇంకొకటి. ఈస్టిండియా కంపెనీ పేరుతో, 1818 అని వేసి, ఒక వైపు రామపట్టాభిషేకమో హనుమంతుడో ఉన్న బిళ్లలు జాతరల్లో, ఫుట్‌పాత్‌ల మీద అమ్ముతుంటారు. కంపెనీ అలాంటి నాణేలు ఎప్పుడూ వేయలేదు. అవి మొక్కుకు కొనుక్కునే బిళ్లలు. దండం పెట్టుకోండి, గ్రేడు చూడకండి.

రెండో పని: మెరుపును కదిలించి చూడటం

అసలు విద్య ఇక్కడుంది, కాబట్టి కాస్త నిదానంగా చదవండి.

అచ్చు గట్టిగా దిగినప్పుడు వెండి మధ్య నుంచి అంచు వైపు పాకుతుంది. ఆ పాకిన జాడ కంటికి కనిపించనంత సన్నటి గాళ్లుగా నాణెం పైన మిగిలిపోతుంది. లైటు కింద నాణేన్ని మెల్లగా అటూ ఇటూ వంచి తిప్పితే, వెలుగు బండి చక్రం ఆకుల్లాగా నాణెం చుట్టూ తిరుగుతుంది. అదే పుట్టుకతో వచ్చిన మెరుపు. నాణెం చేతులు మారేకొద్దీ ఎత్తుగా ఉన్న చోట్ల ముందు ఆ గాళ్లు పోతాయి, తర్వాత బొమ్మకూ అక్షరాలకూ మధ్య ఉన్న ఖాళీ జాగాలో పోతాయి, చివరికి అక్షరాల సందుల్లో మాత్రమే కొంచెం మిగులుతుంది.

రుద్ది తోమిన నాణెం కూడా మెరుస్తుంది. కానీ ఆ మెరుపు కదలదు. స్టీలు గ్లాసులా ఎటు వంచినా ఒకటే తెల్లదనం. భూతద్దం పెడితే ఒకే దిక్కుకో గుండ్రంగానో సన్నటి వెంట్రుక గీతలు కనిపిస్తాయి. కొత్తవాళ్లు ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. తెల్లగా ధగధగలాడే నాణేన్ని గొప్పది అనుకుంటారు, నల్లగా ఉన్నదాన్ని చెడిందనుకుంటారు. చాలాసార్లు నిజం దానికి తలకిందులు.

నల్లదనం అంటే గాలిలోని గంధకంతో వెండి కలిసి ఏర్పడిన పలచటి పొర. మొదట లేత పసుపు, తర్వాత ఊదా, నీలం, చివరికి నలుపు. ఆ పొర కిందనుంచి చక్రపు మెరుపు ఇంకా తిరుగుతుంటే అది మంచి నాణెం. రంగులు అందంగా పరుచుకుంటే మామూలు ధరకంటే ఎక్కువిచ్చి తీసుకునేవాళ్లూ ఉన్నారు.

మా అమ్మమ్మ ప్రతి శ్రావణ మాసం వరలక్ష్మీ వ్రతానికి తన రూపాయల్ని చింతపండుతో తోమి, విభూతితో మెరిపించేది. అందులో ఒక ఎడ్వర్డు రూపాయి, 1905ది, చెవి అంచు కూడా అరగలేదు. దాని మీద అరవై వ్రతాల గీతలున్నాయి. నేనూ పదో తరగతిలో ఉండగా దానికి టూత్‌పేస్టు రాసి సాయం చేశాను. ఇప్పుడది ఎంత బాగున్నా 'తోమిన నాణెం' అనే చీటీతోనే అమ్ముడవుతుంది. అమ్మే ఉద్దేశం లేదనుకోండి, అది వేరే సంగతి. పూజకు తోముకునే నాణేలు పూజకే ఉంచుకోండి. సేకరణలో పెట్టాలనుకున్నదాన్ని మాత్రం విడిగా తీసి, తోమడం ఆపేయండి.

మూడో పని: ఎత్తు చోట్లు చూడటం

ప్రతి నాణేనికి ముందుగా అరిగే చోట్లు కొన్ని ఉంటాయి. అవి తెలిస్తే గ్రేడింగ్ సగం వచ్చినట్టే. జార్జి ఐదో రాజు రూపాయినే, అంటే 1911 నుంచి 1922 దాకా వచ్చినదాన్నే, ఉదాహరణగా తీసుకుందాం. బొమ్మ వైపు రాజు కిరీటం, రాజవస్త్రంతో ఉంటాడు. ఛాతీ మీది వస్త్రంలో చిన్న ఏనుగు ఉంటుంది. 1911లో వేసిన బొమ్మలో ఆ ఏనుగు తొండం పొట్టిగా పడి పందిలా కనిపించిందని ముస్లింలు అభ్యంతరం చెప్పారు. చాలావరకు వెనక్కి తీసుకుని కరిగించి, 1912 నుంచి తొండం స్పష్టంగా ఉండే ఏనుగును పెట్టారు. 1911 నాణేన్ని ఇప్పటికీ 'పంది రూపాయి' అంటారు. అరుగుదల కొలవడానికి మనకు పనికొచ్చేది కూడా ఆ ఏనుగే.

ఎక్కడా అరుగుదల లేకుండా, చెవి అంచు, మీసం, కనుబొమ, కిరీటం రాళ్లు అన్నీ పదునుగా ఉండి, చక్రపు మెరుపు ఏ అడ్డూ లేకుండా తిరిగితే అది అన్‌సర్క్యులేటెడ్, అంటే వాడకంలోకి రానిది. వ్యాపారులు యూఎన్‌సీ అంటారు. టంకశాల సంచిలో ఒకదానికొకటి తగిలి పడ్డ చిన్న గాట్లు ఉండొచ్చు, వాటివల్ల అరిగినట్టు కాదు. 1 నుంచి 70 దాకా ఉండే కొలతలో అంకెల్లో చెబితే ఇది 60 నుంచి 70.

చెవి పైఅంచు, కిరీటం నడుమ మాత్రమే కాస్త మసకేసి, మిగతా మెరుపంతా ఉంటే ఏయూ, అంటే అబౌట్ అన్‌సర్క్యులేటెడ్, 50 నుంచి 58. యూఎన్‌సీకీ దీనికీ తేడా కనిపెట్టడమే కష్టం. లైటు కింద వంచినప్పుడు వెలుగు చెవి దగ్గరకొచ్చి ఒక్క క్షణం ఆగినట్టు, అక్కడ బూడిదరంగు పడినట్టు అనిపిస్తే అది ఏయూ.

ఎత్తు చోట్లు కొంచెం చదునై, ఏనుగు మాత్రం తొండం, కాళ్లతో పూర్తిగా తెలుస్తూ, మెరుపు అక్షరాల చుట్టూ మిగిలితే ఎక్స్‌ఎఫ్, అంటే ఎక్స్‌ట్రీమ్లీ ఫైన్, 40 నుంచి 45. గడ్డం వెంట్రుకలు కలిసిపోవడం మొదలై, చెవి స్పష్టంగానే ఉండి, ఏనుగు ఆకారం మాత్రం తెలుస్తుంటే వీఎఫ్, అంటే వెరీ ఫైన్, 20 నుంచి 35. మన ఇళ్లలో దొరికే మంచి నాణేలు చాలావరకు ఇక్కడ ఆగుతాయి. ఏనుగు బెల్లం ముద్దలా అయి, కిరీటం రాళ్లు ఒకదాంట్లో ఒకటి కలిసి, అక్షరాలు మాత్రం నిండుగా ఉంటే ఫైన్, 12. ముఖం నీడలా మారితే వీజీ, అంటే వెరీ గుడ్, 8. అంచు అరిగి అక్షరాల్లో కలవబోతుంటే గుడ్, 4. ఈ 'గుడ్' అనే పేరు చూసి సంతోషించకండి, పేరుకే గుడ్.

ఈ అంకెల కొలత 1949లో విలియం షెల్డన్ అనే అమెరికన్ పాత రాగి సెంట్ల కోసం చేసుకున్నది. 1 గ్రేడు నాణేనికి ఒక రూపాయి వస్తే 70 గ్రేడుకు డెబ్బై రావాలన్నది అప్పటి లెక్క. ఆ ధరల లెక్క ఎప్పుడో తప్పింది, అంకెలు మాత్రం మిగిలిపోయాయి.

బొరుసు వైపు మధ్యలో విలువ, సంవత్సరం, చుట్టూ పూల తీగ ఉంటాయి. కింద కమలం రేకుల మీది గీతలు చూడండి, అవి ముందు పోతాయి. అదే కమలం కింద చిన్న చుక్క ఉంటే బొంబాయి టంకశాల, లేకపోతే కలకత్తా. చుక్క అరిగిపోయిందో, అసలు లేదో అన్న సందేహం వీజీ నాణేల్లో వస్తుంది. అలాంటప్పుడు కలకత్తా అని గట్టిగా రాయకండి.

విక్టోరియా రూపాయికి చెవి మీది జడ పాయలు, కిరీటం పైవంపు, మెడలో ముత్యాలు, రవికె మీది పూల పని చూడాలి. పూల పని ముద్దయిపోతే వీఎఫ్ కంటే తక్కువే ఇవ్వాల్సిందే. ఎడ్వర్డు రూపాయిలో రాజుకు కిరీటం లేదు. తల, బుగ్గ, మెడ నున్నగా ఉంటాయి. చెవి పైన జుట్టు, గడ్డం చూడండి. బుగ్గ మీద చిన్న గీత పడినా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, అందుకే ఎడ్వర్డుకు మంచి గ్రేడు దొరకడం కష్టం.

నిజాం చార్మినార్ రూపాయి, అంటే మన పెద్దవాళ్లు హాలీ సిక్కా అన్నది, బరువు 11.18 గ్రాముల దగ్గర, వెండి 81.8 శాతం. నీళ్ల పరీక్షలో 10.2 దగ్గర వస్తుంది. హిజ్రీ 1361 నుంచి వెండి సగానికి తగ్గింది. చార్మినార్ నడిమి ద్వారంలో ఒక ఉర్దూ అక్షరం ఉంటుంది. 'మీమ్' ఉంటే మహబూబ్ అలీ ఖాన్, 'ఐన్' ఉంటే ఉస్మాన్ అలీ ఖాన్. ఆ అక్షరం, మీనార్ల మీది వరసలు ఎంత తేలికగా చదవగలుగుతున్నారన్నదే అరుగుదలకు కొలత. కొన్ని కొత్తగా ఉండగానే ఒక మూల అచ్చు సరిగా పడకుండా వచ్చినవి. అరిగిందా, పడలేదా అని తేల్చడానికి మళ్లీ మెరుపే ఆధారం. మసకగా ఉన్న చోట మెరుపు తిరుగుతుంటే అచ్చు లోపం, చదునుగా చచ్చిపోయి ఉంటే అరుగుదల.

నాలుగో పని: దెబ్బలు విడిగా రాసుకోవడం

అరుగుదల వేరు, దెబ్బ వేరు. ఎక్స్‌ఎఫ్ నాణేనికి అంచు చొట్ట ఉంటే అది వీఎఫ్ అయిపోదు, 'ఎక్స్‌ఎఫ్, అంచు దెబ్బ' అవుతుంది. నాణేలకు గ్రేడు ఇచ్చి ప్లాస్టిక్ డబ్బీలో సీలు చేసే గ్రేడింగ్ కంపెనీలు ఇలాంటివాటికి అంకె ఇవ్వకుండా 'డీటెయిల్స్' అని రాసి పంపుతాయి.

మన వైపు ఎక్కువగా కనిపించే దెబ్బ టంకం మచ్చ. రూపాయల్ని కొక్కెం పెట్టి దండలుగా గుచ్చి వేసుకునేవారు, లంబాడీ ఆడవాళ్ల నగల్లో ఇప్పటికీ చూడొచ్చు. తర్వాత ఎప్పుడో కొక్కెం తీసేసి అరగదీస్తే, రాజు తల పైన అంచు గీట్లు ఒకచోట నున్నగా కనిపిస్తాయి. అందుకే నాణేన్ని తిప్పుతూ అంచు చుట్టూ పూర్తిగా చూడాలి. కొనేటప్పుడు ముందు వెనక మాత్రమే చూపించే ఫొటో చాలదని అడగండి.

ఇంకా చూడాల్సినవి: సరాఫులు వెండి పరీక్షకు కొట్టిన చిన్న ముద్రలు, చిల్లు పెట్టి పూడ్చిన జాడ, పచ్చటి జిగురు. ఈ జిగురు పాత మెత్తటి ప్లాస్టిక్ (పీవీసీ) కవర్ల నుంచి వస్తుంది. ఇది ఒక్కటే మీరు తీసేయవచ్చు. స్వచ్ఛమైన ఎసిటోన్‌లో నాణేన్ని కొన్ని నిమిషాలు ముంచి, రుద్దకుండా తీసి ఆరబెట్టాలి. గోళ్ల రంగు తీసే సీసా వాడొద్దు, అందులో నూనెలు, రంగులు కలిపి ఉంటాయి. ఎసిటోన్ దగ్గర దీపం, అగరుబత్తి ఉండకూడదు, కిటికీ తెరిచి ఉంచండి. అల్యూమినియం కాగితం, వంట సోడా వీడియోలు చూసి మాత్రం నాణెం మీద ప్రయోగం చేయకండి. నల్లదనంతోపాటు నాణెం సహజమైన రూపూ పోతుంది.

పొలంలోనో పునాది తవ్వకంలోనో దొరికినదాని పైపొర గుంటలు పడి ఉంటుంది. అలాంటిది చేతికొస్తే గ్రేడు కంటే ముందు ఇంకో పని ఉంది. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం, నేలలో దొరికిన దాని విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలియజేయాలి.

ఐదో పని: చీటీ

బొమ్మకు ఒక గ్రేడు, బొరుసుకు ఒక గ్రేడు విడివిడిగా ఇవ్వండి. రెండూ వేరైతే సాధారణంగా బొమ్మ వైపుదే ఎక్కువగా లెక్కలోకి వస్తుంది, బొరుసు మరీ తక్కువైతే అదే కిందికి లాగుతుంది. మీ సొంత నాణేనికి మీరు ఎప్పుడూ ఒక మెట్టు ఎక్కువే ఇస్తారు. అది మనిషి స్వభావం, నాకూ ఉంది. కొనేటప్పుడు అమ్మేవాడు ఎక్స్‌ఎఫ్ అంటే వీఎఫ్ అనుకుని చూడటం మొదలుపెట్టండి.

విదేశీ గ్రేడింగ్ కంపెనీల ప్లాస్టిక్ డబ్బీలో వేయించాలని నాణేన్ని బయటికి పంపే ముందు దాని వయసు లెక్క వేయండి. 1972 నాటి పురావస్తువుల, కళానిధుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన నాణెం పురావస్తువే, దాన్ని దేశం దాటించడం నేరం. అమెరికా నుంచి సెలవుకొచ్చిన పిల్లలకు నాయనమ్మ ప్రేమగా సూట్‌కేసులో పెట్టే విక్టోరియా రూపాయికీ ఇదే వర్తిస్తుంది.

దాచడానికి పీవీసీ లేని గట్టి ప్లాస్టిక్ క్యాప్సూల్ వాడండి, వాటిని ఉంచే డబ్బాలో తేమ పీల్చే సిలికా సంచి పెట్టండి. కోస్తాలో ఉండేవాళ్లకు ఇది తప్పనిసరి. రబ్బరు బ్యాండు దగ్గరికి రానీయకండి, అందులోని గంధకం నాణెం మీద నల్లటి గీత వేస్తుంది.

చీటీ ఇలా రాయవచ్చు: 'జార్జి ఐదు, 1919, బొంబాయి, 11.58 గ్రా., బొమ్మ వీఎఫ్ 30, బొరుసు ఎక్స్‌ఎఫ్ 40, తోమలేదు, గడియారంలో మూడు ఉండే చోట చిన్న అంచు దెబ్బ.' ఆ చీటీని కవరు లోపల మడిచి పెట్టి, ఒక నెల తర్వాత చూడకుండా మళ్లీ గ్రేడు ఇవ్వండి. రెండు సార్లూ ఒకటే వస్తే మీ కన్ను కుదిరింది. వేరుగా వస్తే తక్కువదాన్ని ఉంచి, ఎక్కువదాన్ని కొట్టేయండి.